రాయలసీమ ఎండల్లో నాదస్వరం: పీకను పలికించడం, కర్రను కాపాడుకోవడం

నాదస్వరం నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదటి రోజే ఏ రంధ్రం మీద ఏ వేలు పెట్టాలని అడుగుతారు. ఆ ఉత్సాహం మంచిదే కానీ, రెండున్నర అడుగుల పొడవున్న ఈ వాద్యంలో ధ్వని పుట్టేది పైన బిగించిన చిన్న పీకలో, అంటే గడ్డి కాడతో చేసిన ఊదే కొనలో. ఆ పీక కుదరకపోతే వేళ్ళు ఎంత చక్కగా ఆడినా వినేవారి చెవికి కీచుదనమే చేరుతుంది. అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల్లో ఈ మాటను మరింత గట్టిగా చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే కావేరి ఒడ్డున తయారైన వాద్యమూ పీకా మన ఊళ్ళకు వచ్చిన తరవాత తేమ తక్కువైన గాలిలో, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో బతకాలి. తాడిపత్రి చుట్టుపక్కల పెళ్ళిళ్ళలోనూ గుళ్ళలోనూ ఊదుతూ, సాయంత్రాలు పిల్లలకు నేర్పుతూ నేను తెలుసుకున్న పద్ధతులను ఇక్కడ రాస్తున్నాను. మేళం వృత్తిగా ఉన్న ఇళ్ళలో పుట్టినవారికి ఇందులో చాలా భాగం తండ్రి పక్కన కూర్చున్నప్పుడే తెలిసిపోతుంది. ఆ అవకాశం లేకుండా ఈ విద్యకు వస్తున్నవారిని మనసులో పెట్టుకొని రాశాను.

వాద్యం కొనేటప్పుడు

మనవాళ్ళలో చాలామంది కొనేది తమిళనాడులో కుంభకోణం దగ్గరి నరసింగంపేటలో తయారైన వాద్యాన్నే. ఆ ఊరి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడివారు ఆచ్చా అనే చెట్టు కర్రను వాడతారు. అది కూడా పచ్చి కర్ర కాదు, పాత ఇళ్ళు విప్పినప్పుడు దొరికే దూలాల వంటి, ఏళ్ళ తరబడి ఆరిన కర్రను ఏరి తెచ్చుకుంటారు. ఆ ఆచ్చా మరేదో కాదని, మన ఎండు అడవుల్లో పెరిగే నారేపి చెట్టేనని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. అనంతపురం, కడప జిల్లాల గుట్టల మీద మేకలకు ఆకు కోసే చెట్టు, మన పెద్దలు దూలాలకూ సేద్యపు పనిముట్లకూ వాడిన చెట్టు, గుడిలో స్వామి ఊరేగింపు ముందు పలికే వాద్యానికి కూడా ఒళ్ళిచ్చిందన్నమాట. నారేపి చాలా బరువైన, గట్టి కర్ర. వాద్యానికి ఆ గంభీరమైన ధ్వని రావడంలో ఆ బరువుకు పాత్ర ఉంది.

నాదస్వరాల్లో తిమిరి, పారి అని రెండు రకాలున్నాయి. తిమిరి పొట్టిది, హెచ్చు శ్రుతిలో పలుకుతుంది. పారి పొడవైనది, శ్రుతి తక్కువ. ఇప్పుడు కచేరీల్లో వాడేది ఎక్కువగా ఇదే. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై (1898–1956) పారిని ప్రచారంలోకి తెచ్చారు. నరసింగంపేట రంగనాథన్ ఆచారి ఆయన కోసం వాద్యపు కొలతలు సవరించి, శుద్ధ మధ్యమం (మ స్వరపు రెండు రకాల్లో తక్కువ శ్రుతిది) సరిగ్గా పలికేలా తయారు చేశారు. కొత్తవారికి ఈ చరిత్ర ఎందుకంటే, మొదటి పాఠాలు నడిచే మాయామాళవగౌళ రాగంలో ఉండేది ఆ శుద్ధ మధ్యమమే. అది సరిగ్గా పలకని వాద్యం చేతికొస్తే పిల్లవాడు తన చెవిని అనుమానించుకుంటూ నెలలు గడిపేస్తాడు.

కాబట్టి కొనడానికి ఒంటరిగా వెళ్ళకండి. బాగా వాయించేవారిని వెంట తీసుకువెళ్ళి, వారి సొంత పీకతోనే కొత్త వాద్యాన్ని ఊదించండి, ఎందుకంటే అంగట్లో పెట్టిన పీక బాగుంటే వాద్యం లోపం బయటపడదు, పీక బాగాలేకపోతే మంచి వాద్యం కూడా చెడ్డదిగా తోస్తుంది. స రి గ మ వరకు నిదానంగా ఎక్కించి, మధ్యమం దగ్గర ఆగి, శ్రుతి పెట్టెతో కలుస్తోందో లేదో వినమనండి. ఆ తరవాత పీక తీసివేసి, గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి లోపలికి చూడండి. తొలిచిన దారి పైనుండి కిందికి క్రమంగా వెడల్పవుతూ నున్నగా కనిపించాలి. పిడచలు, గరుకులు, సన్నని నెరియలు కనిపిస్తే ఆ కర్రను వదిలేయడమే మంచిది. అడుగున గంటలా విచ్చుకునే భాగాన్ని అణసు అంటారు; అది వదులుగా ఊగకుండా బిగువుగా కూర్చోవాలి.

పీకతో స్నేహం

పీకను తమిళులు సీవాళి అంటారు. ఏటి ఒడ్డున పెరిగే రెల్లు వంటి గడ్డి కాడను కోసి, ఉడికించి, ఆరబెట్టి, అణచి, రెండు రేకులు పెదవుల్లా ఒకదానికొకటి ఎదురుగా వచ్చేటట్లు కడతారు. దాని మొదలును సన్నని లోహపు గొట్టానికి దారంతో బిగించి, ఆ గొట్టాన్ని వాద్యం పైకొనలో గుచ్చుతారు. మనం ఊదినప్పుడు ఆ రెండు రేకులూ మూసుకుంటూ, తెరుచుకుంటూ అదరడం వల్ల నాదం పుడుతుంది. రేకులు ఎండిపోతే ఆ అదురు రాదు. మన ప్రాంతపు గాలికి పీక ఎండిపోవడానికి పది నిమిషాలు చాలు. గుడిలో ఒక కీర్తన ముగించి, డోలు ఒక్కటే మోగే తని ఆవర్తనం నడుస్తుండగా పీకను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే, తిరిగి ఎత్తుకునే సమయానికి అది పలకనని మొండికేస్తుంది.

వాయించడానికి ముందు పీక కొనను మాత్రమే చిన్న గిన్నెలో నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉంచండి. దారం కట్టిన మొదలు తడవకూడదు, తడిస్తే కట్టు వదులవుతుంది. ఇక్కడ నేను ఒక జాగ్రత్త చెప్పాలి. అనంతపురం వైపు బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్ళలో రోజూ తడిపిన పీక మీద కొన్ని వారాలకు తెల్లని పొర కట్టి, రేకు గిడసబారుతుంది. తాగడానికి తెచ్చుకున్న క్యాన్ నీళ్ళనే వాడండి. తడిపిన తరవాత పీకను పెదవుల మధ్య పెట్టుకొని, ఊదకుండా ఇంకొక నిమిషం ఉంచితే నోటి తడి, వెచ్చదనం దానికి పడతాయి.

ఆ తరవాత పీకను కొన వైపు నుండి వెలుతురులో చూడండి. రెండు రేకుల మధ్య సందు అరమోడ్పు కన్నులా, మధ్యలో కొంచెం ఎత్తుగా, అంచుల్లో సన్నగా, రెండు వైపులా సమానంగా ఉండాలి. సందు మరీ పెద్దదిగా ఉంటే ఊపిరి ఎక్కువ ఖర్చవుతుంది, స్వరం కిందికి జారుతుంది. అప్పుడు రేకులను బొటనవేలు, చూపుడు వేలు మధ్య మెత్తగా పట్టుకొని పది లెక్కపెట్టేవరకు ఒత్తి వదలాలి. సందు మూసుకుపోయినట్లుంటే శబ్దం సన్నబడి, శ్రుతి పైకి పోతుంది. అప్పుడు పీకను రెండు పక్కల అంచుల నుండి కొద్దిగా నొక్కితే మధ్యభాగం పైకి లేస్తుంది. అప్పటికీ తెరుచుకోకపోతే వాద్యానికి వేలాడుతూ ఉండే సూదిని లోపలికి నిదానంగా పోనిచ్చి, కొంచెం ఎత్తాలి. పాతకాలంలో ఈ సూదిని ఏనుగు దంతంతో చేసేవారు. దంతం వ్యాపారం చట్టవిరుద్ధం కాబట్టి ఇప్పుడు ఇతర వస్తువులతో చేసిన సూదులే వాడుతున్నారు. అది ఏదైనా మొన మొండిగా ఉండాలి. బట్టలు కుట్టే సూది పెడితే రేకు లోపలి నునుపు గీరుకుపోతుంది.

ఇప్పుడు వాద్యానికి గుచ్చకుండా పీకను ఒక్కదాన్నే ఊదండి. తుమ్మెద రొదలాగా నిండుగా, తెగకుండా వస్తే పీక సిద్ధమైనట్లే. ఈల వంటి సన్నని శబ్దం వచ్చినా, ఊపిరి బయటికి బుసబుసమని పోయినా వాద్యానికి గుచ్చి ప్రయోజనం లేదు, మళ్ళీ సందు చూసుకోవాలి. చాలామంది ఈ మెట్టును దాటవేసి, పలకని పీకను గుచ్చి, బలవంతంగా ఊది, దవడలు నొప్పి పెట్టించుకుంటారు. మా గురువుగారు నా చేతిలోని పీక కీచుమన్నప్పుడల్లా ఒకే మాట అనేవారు: "దాన్ని కసురుకోవద్దు నాయనా, దానికేం కావాల్నో చూడు ముందు."

గుచ్చేటప్పుడు లోహపు గొట్టం చుట్టూ నూలు దారం చుట్టి, గాలి పక్కనుండి పోకుండా బిగువు చేసుకోవాలి. దారం చుట్లు ఒకటి రెండు తగ్గించి, పీకను లోపలికి దించితే శ్రుతి హెచ్చుతుంది. చుట్లు పెంచి, పైకి తీస్తే తగ్గుతుంది. శ్రుతి పెట్టెతో కలుపుకోవడానికి ఇదే మొదటి సాధనం. రేకు మందంగా, గట్టిగా ఉన్నప్పుడు బ్లేడుతో గీకి పలచన చేసే పద్ధతి కూడా ఉంది. దానిని మొదటి ఏడాది మీరు చేయవద్దు. ఎక్కువ గీకిన రేకును తిరిగి మందం చేయలేము. గురువుగారి పక్కన కూర్చొని, పనికిరాని పాత పీకల మీద చేయి తిప్పుకొన్న తరవాతనే మంచిదాని జోలికి వెళ్ళాలి.

కొత్త పీకను మొదటి రోజే గంటసేపు ఊదకూడదు. పది, పదిహేను నిమిషాల చొప్పున వారం రోజులు వాడితే రేకులకు అదరడం అలవాటవుతుంది. ఎప్పుడూ నాలుగైదు పీకలు సిద్ధంగా ఉంచుకోండి. వాయించేవారు వాటిని దారాలతో వాద్యానికే వేలాడదీసుకోవడం మీరు చూసే ఉంటారు. అది అలంకారం కోసం కాదు, మాంగల్యధారణ వేళ ఒక పీక చీలిపోతే రెండో క్షణంలో మరొకటి చేతికి రావాలి. వాడిన తరవాత తడి తుడిచి, గాలి ఆడే చెక్క డబ్బాలో పెట్టండి. తడిగా ఉన్న పీకను ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడితే మన ఎండు గాలిలో కూడా బూజు పడుతుంది.

మొదటి మూడు నెలలు

ఊదడం మొదలుపెట్టే ముందు పాడటం రావాలి. మొదటి స్వరపాఠాలైన సరళి వరుసలను గొంతుతో శ్రుతిలో పాడగలిగిన పిల్లవాడు వాద్యం మీద తప్పు స్వరం పడిన వెంటనే గుర్తుపడతాడు. ఈ వాద్యంలో రంధ్రం మూసినంత మాత్రాన స్వరం దానంతట అది నిలవదు; ఊపిరి ఒత్తిడి, పెదవుల పట్టు, వేలు ఎంత మేరకు తెరిచిందనే మూడింటినీ కలిపి స్వరాన్ని మనమే తయారు చేసుకోవాలి. చెవి ముందు సిద్ధం కాకపోతే ఆ మూడింటికీ దారి చూపించేది ఏదీ ఉండదు.

నేల మీద పద్మాసనంలోనో, మామూలుగా కాళ్ళు మడుచుకొనో వెన్ను నిటారుగా కూర్చోవాలి. పీకను పెదవులతోనే పట్టుకోవాలి, పళ్ళు తగలకూడదు. పై చేతి మూడు వేళ్ళు, కింది చేతి నాలుగు వేళ్ళు ఏడు రంధ్రాల మీద పడాలి. వేలి కొనతో కాకుండా మెత్తని భాగంతో మూయాలి. వాటికి కింద కనిపించే మరో ఐదు రంధ్రాలు వేళ్ళ కోసం ఉద్దేశించినవి కావు, వాటి సంగతి కింద చెబుతాను.

మొదటి రెండు వారాలు షడ్జం (స) ఒక్కటే సాధన చేయండి. శ్రుతి పెట్టె పెట్టుకొని, కడుపు నిండా గాలి తీసుకొని, మొదలు నుండి చివర వరకు ఒకే బలంతో స్వరాన్ని నిలబెట్టాలి. మొదట ఐదారు సెకన్లకే స్వరం వణుకుతుంది. కంగారు పడనవసరం లేదు. రోజుకు ఒకటి రెండు సెకన్లు పెరిగితే చాలు. పూర్వం ఈ శ్రుతిని ఒత్తు అనే మరో వాద్యంతో పట్టేవారు. దాన్ని పట్టినవారు గంటల తరబడి ఒక్క స్వరాన్నే నిలబెట్టేవారు. రాజరత్నం పిళ్ళై గారి తోడి ఆలాపన గాని, ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా గారి (1924–1999) వాదన గాని శ్రద్ధగా వింటే, ఒక్క ఊపిరిలో ఎంత దూరం వెళ్ళవచ్చో తెలుస్తుంది. కర్నూలు శారదా సంగీత కళాశాలలో కూడా శిక్షణ పొంది, తరవాత చిన మౌలానా గారి దగ్గర నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరి ఊపిరీ ఒకే ధారగా కలిసి నడవడం గమనించడానికి వారి కచేరీలు వినమని మా పిల్లలకు చెబుతుంటాను.

షడ్జం నిలిచాక పంచమం (ప), ఆపైన పై షడ్జం. ఈ మూడూ కుదిరిన తరవాతనే మాయామాళవగౌళలో సరళి వరుసలకు వెళ్ళాలి. మొదట స్వరాలను విడగొట్టకుండా ఒకే ఊపిరిలో జారవిడవండి. నాలుకతో కొట్టి స్వరాలను విడివిడిగా పలికించే తుత్తుకారం మూడో నెలలో మొదలుపెడితే చాలు. ముందే నేర్చుకుంటే నాలుక మీద ఆధారపడటం అలవాటై, ఊపిరి బలం పెరగదు. రంధ్రాన్ని సగమో పావో తెరిచి రిషభ, ధైవతాల్లోని చిన్న తేడాలు పలికించడం ఆ తరవాతి పని.

సాధనకు తెల్లవారుజామే మేలు. ఎండ ఎక్కకముందు పీక తడి నిలుస్తుంది, మన ఊపిరీ తాజాగా ఉంటుంది. ఇది పెద్ద శబ్దం గల వాద్యం కాబట్టి ఊరి చివర తోటలోనో, చెరువు కట్ట మీద చింతచెట్టు కిందో కూర్చుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కళ్ళు తిరిగినట్లనిపిస్తే వెంటనే ఆపి, మామూలుగా ఊపిరి పీల్చుకోవాలి. పది పన్నెండేళ్ళు నిండని పిల్లలకు పారి వాద్యం బరువూ పొడవూ మించిపోతాయి. అప్పటివరకు పాట నేర్పించండి. ఉబ్బసం ఉన్నవారు వైద్యుడిని అడిగిన తరవాతే మొదలుపెట్టాలి.

ఎండ, మైనం, కర్ర

ఒక ఏడాది మే నెలలో పామిడి దగ్గర పెళ్ళికి వ్యాన్‌లో వెళ్ళాము. వాద్యం ఉన్న గుడ్డ సంచిని నేను వెనక సీటు మీద, కిటికీ అద్దం పక్కన పెట్టాను. దిగేసరికి సంచి చేతికి కాలింది. ముహూర్తానికి ఇంకా అరగంట ఉందనగా ఆలాపన మొదలుపెడితే పై స్వరాలు బాగానే ఉన్నాయి కానీ, కిందికి దిగినప్పుడల్లా స్వరం శ్రుతికి అంటకుండా పక్కకు పోతోంది. పీక మార్చాను, మారలేదు. డోలు వాయిస్తున్న పెద్దాయన నా వైపు వంగి, "కింద స్వరాలు జారుతుండాయి నాయనా, పీక కాదది, అడుగు చూడు" అన్నారు. వాద్యాన్ని తిప్పి చూస్తే అడుగున ఉన్న ఐదు రంధ్రాల్లో ఒకదాని మైనం కరిగి కర్ర మీదుగా కారి గట్టిపడింది, మరొకదానిది సగం ఊడి వేలాడుతోంది. "మైనం పోయింది మామా" అన్నాను. ఆయన తన సంచిలో నుండి శనగగింజంత మైనం ముద్ద తీసి, వేళ్ళ మధ్య నలిపి నా చేతిలో పెట్టారు. సూది మొండికొనతో దాన్ని రంధ్రంలో అద్ది, కొంచెం కొంచెం తీసివేస్తూ శ్రుతి కలిపేలోపు పురోహితుడు గట్టిమేళానికి చేయి ఎత్తనే ఎత్తారు. ఆ రోజు ఆ ముద్ద లేకపోయి ఉంటే ఒక పిల్ల మెడలో తాళి పడే క్షణాన అపశ్రుతి పలికి ఉండేది. ఆ తలంపు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఆ ఐదు రంధ్రాలూ వాద్యపు శ్రుతిని, నాదపు తీరును సరిచేయడానికే ఉన్నాయి. మైనంతో కొంతవరకో పూర్తిగానో మూసి తయారీదారు వాటిని కుదురుస్తాడు. తేనెమైనం దాదాపు 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. నీడలో 42 డిగ్రీలు ఉన్న రోజున అద్దాలు మూసిన బండి లోపల వేడి ఎంత ఉంటుందో మన ప్రాంతంవారికి వేరే చెప్పనవసరం లేదు. అందుచేత ప్రయాణంలో వాద్యాన్ని మీ ఒళ్ళో పెట్టుకోండి, లేదా తడిపి పిండిన పంచెను చెక్కపెట్టె మీద కప్పి, సీటు కింద నీడలో ఉంచండి; తడి గుడ్డ వాద్యానికి నేరుగా తగలకూడదు. మైనం ముద్ద ఒకటి, సూది, నూలు దారపు ఉండ ఎప్పుడూ సంచిలో ఉండాలి. మైనం ఏ రంధ్రంలో ఎంతవరకు ఉందో బాగున్న రోజున ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంటే, చెదిరిన రోజున అదే మీకు దారి.

చల్లటి ఫంక్షన్ హాలులో నుండి ఎండలోకి, ఎండలో నుండి ఏసీలోకి వాద్యాన్ని ఒక్కసారిగా మార్చవద్దు. కర్ర నెరియలు విచ్చేది ఇలాంటప్పుడే. లోపలికి వెళ్ళిన తరవాత పెట్టె మూత తీయకుండా పావుగంట ఉంచండి. వేడి గాలిలో శ్రుతి పెరుగుతుంది, చలిలో తగ్గుతుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడిలో ఊదేటప్పుడు వాద్యం కొంత కిందికి దిగి పలకడం మీరు గమనిస్తారు. దానికోసం పీకను గట్టిగా నొక్కి పైకి లాగవద్దు. గొట్టంలోకి ఐదు నిమిషాలు వెచ్చని ఊపిరి పోనిచ్చి, అప్పటికీ తేడా ఉంటే శ్రుతి పెట్టెనే కొద్దిగా తగ్గించుకోవాలి.

వాయించిన ప్రతిసారీ మెత్తని నూలు గుడ్డను దారానికి కట్టి గొట్టంలో నుండి లాగి, తడి తుడవాలి. వేసవిలో నెలకు ఒకసారి అదే గుడ్డ మీద నాలుగైదు చుక్కల నువ్వుల నూనె వేసి, లోపలా బయటా పలచగా రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే పొడిగుడ్డతో పూర్తిగా తుడిచివేయడం నా పద్ధతి. నూనె ఎక్కువైతే జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది, మైనాన్ని కూడా వదులు చేస్తుంది. అందువల్ల రంధ్రాల దగ్గర రాయను. నెరియ కనిపిస్తే జిగురు పోసి అతికించే ప్రయత్నం చేయకండి. అది పెరగకుండా పైన నూలు దారం బిగువుగా చుట్టి, తయారీదారు దగ్గరికి తీసుకువెళ్ళండి.

మూఢం రోజుల్లో

ఆషాఢంలోనూ మూఢాల్లోనూ పెళ్ళిళ్ళు ఉండవు, వాద్యం అటక ఎక్కుతుంది. పాడయ్యేది ఎక్కువగా అప్పుడే. ఊపిరి తగలని కర్ర మన గాలిలో బిగుసుకుపోతుంది, పీకలు పెళుసుబారతాయి. పెళ్ళిళ్ళు లేకపోయినా వారానికి రెండు మూడు రోజులు, కనీసం పావుగంట ఊదండి. దగ్గర గుడిలో సాయంత్రం హారతి వేళ అడిగితే పూజారులు సంతోషంగా కూర్చోబెడతారు. అన్ని పీకలనూ వంతులవారీగా తడిపి, ఊది, ఆరబెట్టండి. పలకడం మానేసిన వాటిని వేరే డబ్బాలో వేసి, గీకడం నేర్చుకోవడానికి ఉంచుకోండి. శ్రావణంలో మొదటి ముహూర్తానికి పది రోజుల ముందే అన్నీ సరిచూసుకొని, కొత్త పీకలు తెప్పించుకోవాలనుకుంటే ఇంకా ముందే కబురు పెట్టండి, ఎందుకంటే అవి మన చేతికి వచ్చిన తరవాత కూడా నోటికి అలవాటు పడటానికి వారం రోజులు కావాలి.